ఇరవై ఒక్క దెబ్బలు, ఒక కోళ్ళ షెడ్డు

లిఫ్టింగ్ అయిపోయిన మర్నాడు కోళ్ళ షెడ్డు దగ్గర ఒక రకమైన నిశ్శబ్దం ఉంటుంది. నలభై రోజుల పైచిలుకు రాత్రింబవళ్ళు చెవుల్లో మోగిన అయిదు వేల కోళ్ళ రొద ఒక్కసారిగా ఆగిపోతుంది. పాత ఊక ఎత్తిపోసి, నేల కడిగి, గోడలకి సున్నం వేసి, మళ్ళీ పిల్లలు దిగేదాకా పది పదిహేను రోజులు. మా చిన్నమ్మకి సెలవులంటే అవే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, షాద్‌నగర్‌కీ జడ్చర్లకీ మధ్య హైవే నుంచి కాస్త లోపలికి ఉంటుంది వాళ్ళ ఊరు. అట్లాంటి సెలవుల్లో ఒక రాత్రి చిన్నమ్మా, చిన్నాయనా, వాళ్ళ కోడలూ, నేనూ కలిసి కూచుని 'జయ జయ జయ జయ హే' చూశాం. మలయాళంలో విపిన్ దాస్ తీసిన సినిమా. 2022 అక్టోబర్‌లో థియేటర్లకొచ్చి, ఆ తర్వాత హాట్‌స్టార్‌లో తెలుగు మాటలతో కూడా వచ్చింది. తెలుగులో మళ్ళీ తీసినదాని గురించి నేనిక్కడ మాట్లాడటం లేదు. మా చిన్నమ్మ చూసింది ఇదే.

నేను అంతకు ముందే ఒంటరిగా చూశాను. బాగా నచ్చింది. మా కాలేజీలో పిల్లలకి చూడమని చెప్పాను, స్టాఫ్ రూములో దాని గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. చిన్నమ్మ పక్కన కూచుని రెండోసారి చూశాక ఆ ఉపన్యాసాన్ని సవరించుకోవాల్సి వచ్చింది. ఈ వ్యాసం ఆ సవరణే అనుకోండి.

చూడనివాళ్ళకోసం కథ కొంచెం చెప్పాలి. జయ (దర్శనా రాజేంద్రన్) ఒక మధ్యతరగతి ఇంట్లో రెండో సంతానం. అన్న వాడేసిన పుస్తకాలూ, అన్న తర్వాత మిగిలిన అవకాశాలూ ఆమెవి. చదువుకోవాలని ఉంటుంది. ఆ చదువు మధ్యలో ఆగిపోతుంది. పెళ్ళయ్యాక చదివిస్తారులే అని ఇంట్లోవాళ్ళు రాజేష్‌కిచ్చి (బేసిల్ జోసెఫ్) చేస్తారు. రాజేష్ కోళ్ళ ఫారం యజమాని. సొంత వ్యాపారం, సొంత ఇల్లు, తల్లి, బిడ్డతో పుట్టింట్లో ఉంటున్న అక్క. పొద్దున్నే ఇడియప్పం, శనగల కూర ఉండాల్సిందే, ఇంకోటి ముట్టడు. కోపం వస్తే చేతికందినది పగలగొడతాడు. తర్వాత చెయ్యి జయ మీదికి వస్తుంది. కొట్టిన రోజు సాయంత్రం బయటికి తీసుకెళ్ళి మంచి భోజనం పెట్టిస్తాడు. అది అతని క్షమాపణ. పెద్దలముందు పంచాయితీ పెట్టినప్పుడు జయ ఒక సంఖ్య చెప్తుంది. ఆరు నెలల్లో ఇరవై ఒక్క దెబ్బలు. పుట్టింటివాళ్ళు ఆ సంఖ్యని విని కూడా సర్దుకుపొమ్మంటారు. అప్పుడు జయ ఫోన్లో వీడియోలు చూస్తూ రహస్యంగా టైక్వాండో నేర్చుకుంటుంది. ఒకరోజు రాజేష్ చెయ్యి లేస్తుంది, ఆమె కాలు లేస్తుంది. రాజేష్ గదికి ఆ చివర పడతాడు.

అక్కణ్ణుంచి సినిమా హాస్యమే. మొగుడూ పెళ్ళాల తగువుని ఆటల పోటీకి చెప్పినట్టు కామెంటరీతో చెప్తారు. రాజేష్, అతని బంధువు అని ఇద్దరూ కలిసి ఆమె ఏ వీడియో చూసి నేర్చుకుందో కనిపెట్టి, అదే చూసి సాధన చేస్తారు. ఓడిపోతారు.

మా చిన్నమ్మ నవ్విన నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరాడక, కోడలి భుజం మీద చరుస్తూ నవ్వింది. చిన్నాయన కూడా నవ్వాడు. "గీడు మొగోడేనా" అన్నాడు. రాజేష్ కింద పడ్డప్పుడల్లా ఆ మాటే. ఈ సినిమా పన్నిన మంచి ఎత్తు ఇక్కడుంది. బేసిల్ జోసెఫ్ పొట్టిగా, బుద్ధిమంతుడిలా, అమ్మ కొడుకులా కనబడతాడు. విలన్ మొహం కాదు. 'మిన్నల్ మురళి' తీసిన దర్శకుడు కూడా అయిన ఈ మనిషికి హాస్యం ఎక్కడ ఆపాలో తెలుసు. కొట్టే మగవాడికి కోరమీసం, తాగుడు, ఎర్రకళ్ళు పెట్టి చూపించే అలవాటు మన సినిమాలది. అట్లా చూపిస్తే ప్రేక్షకుల్లోని ప్రతి మగవాడూ 'నేను వాడిలా లేనుగా' అని నిశ్చింతగా ఇంటికి పోతాడు. రాజేష్ అట్లా పోనివ్వడు. అతను మన అన్నలా, మరిదిలా ఉంటాడు. అయినా చిన్నాయన నిశ్చింతగానే నవ్వాడు. 'నేను కొట్టేవాణ్ణి' అన్న సంగతి ఆయనకి గుర్తురాలేదు, 'నేను కింద పడేవాణ్ణి కాదు' అన్నది మాత్రం గుర్తొచ్చింది. హాస్యానికి ఉన్న ఈ తిప్పలు సినిమా ఊహించిందో లేదో నాకు తెలియదు.

కోర్టు సన్నివేశం వచ్చేసరికి చిన్నాయన జనరేటర్ చూసొస్తానని లేచాడు. షెడ్డులో కోళ్ళు లేవు, జనరేటర్‌తో పనేముందో. జడ్జి (మంజు పిళ్ళై) ముందు జయ కోరేది న్యాయం, సమానత్వం, స్వేచ్ఛ. మన రాజ్యాంగం మొదటి పుటలో ఉన్న మాటలే. మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళు చెమర్చింది అక్కడే. చిన్నమ్మ మాత్రం ఆ మాటలకి ఏమీ అనలేదు. ఇంకా వెనకనే ఉంది ఆమె. కాసేపాగి అంది: "ఇరువై ఒక్కటని యాది పెట్టుకున్నది సూడు. నేనైతే లెక్కబెట్టలె."

లెక్కపెట్టడం గురించి ఒక మాట చెప్పుకోవాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) వివరాలు వచ్చినప్పుడు పత్రికల్లో ఒక అంకె చూసి మనమంతా తలలు దించుకున్నాం. ఏదో ఒక కారణానికి భర్త భార్యని కొట్టడం సమంజసమేనని తెలంగాణ స్త్రీలలో నూటికి 84 మంది చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంచుమించు అంతే. ఈ సినిమా పుట్టిన కేరళలో 52. ఆ వార్తల్లో తెలంగాణ పేరే మొదట ఉంది. మా స్టాఫ్ రూములో అప్పుడు జరిగిన చర్చ నాకు గుర్తుంది. 'మన ఆడవాళ్ళకి చైతన్యం లేదు' అని ఒకరన్నారు. నేనూ తలూపాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్నకి చిన్నమ్మ ఏమని చెప్పి ఉండేదో నాకు తెలుసు. సమంజసమేనని చెప్పేది. అడిగేది ముక్కూమొహం తెలియని మనిషి, అరుగు మీద చిన్నాయన, చేతిలో దాణా బస్తా. ఆ జవాబులో ఎంత నమ్మకం, ఎంత జాగ్రత్త అన్నది అంకెలో కనపడదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వుని ఏ సర్వే పట్టుకోగలదు!

సినిమాలోని కోళ్ళ ఫారం దగ్గరికి వస్తాను. నాకు అసలు పేచీ అక్కడే.

రాజేష్ పని చోటు ఆ ఫారం. మగవాళ్ళ లోకం. బంధువు అని ఉంటాడు, పనివాళ్ళుంటారు, సలహాలూ కుట్రలూ అక్కడే తయారవుతాయి. పెళ్ళాం తంతే ఏం చెయ్యాలో, ఎట్లా లొంగదీయాలో, కడుపు వస్తే అదే అణిగి ఉంటుందన్న ఎత్తుగడ ఎట్లా వెయ్యాలో, అన్నీ మగవాళ్ళ ఆలోచనలే. ఇల్లు జయది, అంటే జయ బందీగా ఉన్న చోటు. ఫారం రాజేష్‌ది. ఈ రెండూ వేరు వేరు ప్రపంచాలు. ఇంటిపనికి కూలి లేదన్న మాట మనం చాలా ఏళ్ళుగా చెప్తున్నాం, 2021లో వచ్చిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' చెప్పినంత గట్టిగా ఇంకెవరూ చెప్పలేదు. కానీ చిన్న వ్యాపారి భార్య బతుకు వంటింట్లో మాత్రమే ఉంటుందా? పాలమూరులో, నల్లగొండలో ఏ కోళ్ళ షెడ్డుకైనా వెళ్ళి చూడండి.

మా చిన్నమ్మ షెడ్డులో ఏం జరుగుతుందో చెప్తాను. కంపెనీ పిల్లల్నిస్తుంది, దాణా ఇస్తుంది, మందులిస్తుంది. షెడ్డూ, కరెంటూ, ఊకా, నీళ్ళూ, చాకిరీ రైతువి. పెంచినందుకు కిలోకింత అని కడతారు. పిల్లలు ఎన్ని చచ్చాయి, ఎంత దాణా తిని ఎంత బరువు తూగాయి అన్నదాన్ని బట్టి ఆ కూలి పెరుగుతుంది, తరుగుతుంది. మొదటి వారం బ్రూడింగ్. పిల్లలకి తల్లి వెచ్చదనం లాంటి వేడి ఉండాలి. తగ్గితే ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా చస్తాయి, పెరిగితే నోళ్ళు తెరిచి అంచులకి పరుగెత్తుతాయి. కాబట్టి రాత్రి రెండు గంటలకోసారి లేచి చూసే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి చిన్నమ్మ. తెల్లవారి చచ్చినవాటిని ఏరేది చిన్నమ్మ. యాభై కిలోల దాణా బస్తాని ఈడ్చేది, డ్రింకర్లు కడిగేది, తడిసిన ఊకని తిరగేసేది చిన్నమ్మ. లిఫ్టింగ్ రాత్రి లారీ దగ్గర నిలబడి తూకం చూసేది చిన్నాయన. అందుకే ఊళ్ళో అది చిన్నాయన ఫారం.

ఇంకో తమాషా ఉంది. కాయితాల్లో అది చిన్నాయన ఫారం కాదు. పొలం మీద పాత అప్పు తీరకపోవడంతో ఆయనకి బ్యాంకు కొత్త అప్పు ఇవ్వలేదు. షెడ్డు లోను చిన్నమ్మ పేరు మీద తీసుకున్నారు. కంపెనీతో ఒప్పందం ఆమె పేరు మీదే. బ్యాచ్ డబ్బులు పడేది ఆమె ఖాతాలోనే. ఏటీఎం కార్డు చిన్నాయన అంగీ జేబులో. కంపెనీ సూపర్‌వైజర్ బండి దిగి, ఎదురుగా నిలబడ్డ చిన్నమ్మని చూసి, "సార్ లేడా?" అంటాడు. ఒప్పందంలో ఉన్న రైతు తన ఎదురుగానే ఉందని అతనికి తట్టదు. ఆమెకీ తట్టదు. "లోపటున్నడు సారూ, పిలుస్త" అంటుంది.

యజమానురాలై ఉండి యజమాని భార్యగా బతకడం ఇది. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరు మర్చిపోతుంది. మనమంతా ఆ కథని ఎన్నిసార్లు పాఠం చెప్పాం! చిన్నమ్మ విషయంలో పేరు పోలేదు, పేరు బ్యాంకులో భద్రంగా ఉంది, అప్పుకి పూచీగా. పేరుని వాడుకుంటున్నారు, మనిషిని కాదు. మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గరికో, మా నల్లగొండ పట్టణంలో ఎరువుల దుకాణాల దగ్గరికో వెళ్తే భార్యల పేర్లతో నడిచే ఫర్ములు ఎన్నో. ఖాళీ చెక్కుల మీద వరుసగా సంతకాలు పెట్టి బీరువాలో పెట్టే ఆడవాళ్ళని నేను చిన్నప్పటినుంచీ చూశాను. బోర్డు మీద శ్రీమతి, కుర్చీలో శ్రీవారు.

జయ కథని ఈ కోళ్ళ షెడ్డులోంచి చూస్తే ఏమవుతుంది? రాజేష్ జయని కొట్టగలగడానికి కారణం అతని కండబలం కాదని సినిమాకి తెలుసు, అందుకే జయ కాలితో ఆ బలాన్ని అంత తేలిగ్గా పడగొడుతుంది. అతనికున్న అసలు బలం ఫారం. చదువు ఆపేసిన, చేతిలో రూపాయి లేని, పుట్టింటి తలుపు మూసుకున్న పిల్ల ఎదురుగా వ్యాపారమున్న మగవాడు. తన్నులు తిన్నాక కూడా అతని ఫారం అతనిదే, ఆమెకి ఆ రాత్రి పడుకోవడానికి వేరే ఇల్లు లేదు. ఈ నిజాన్ని సినిమా కాసేపు పక్కన పెట్టి మనల్ని ఈలలు వేయనిస్తుంది. ఆ ఈలల విలువ తక్కువని నేననను. తెలుగు సినిమాలో నాయకుడు నాయికని చెంపమీద కొట్టగానే ఆమె కళ్ళలో ప్రేమ పుట్టే సన్నివేశాలు చూసి పెరిగినవాళ్ళం మనం. ఆ చెంపదెబ్బకి హాలంతా చప్పట్లు కొట్టడం విన్నవాళ్ళం. ఒక్క కాలితాపు ఆ బాకీలో కొంత తీర్చింది. కాని చిన్నమ్మ మోకాళ్ళు దాణా బస్తాలకి అరిగిపోయాయి. తన్నలేని ఆడదానికి ఈ సినిమా ఏమిస్తుంది?

పోలిక కోసం 2020లో వచ్చిన హిందీ 'థప్పడ్' తీసుకోవచ్చు. అక్కడ ఒకే ఒక దెబ్బ, కంపెనీలో తనకి జరిగిన అన్యాయం మీద కోపాన్ని భర్త పార్టీలో భార్య చెంప మీద దింపుతాడు. అమృత తన్నదు, వెళ్ళిపోతుంది. వెళ్ళిపోగలదు, ఎందుకంటే నిలబడే తండ్రి ఉన్నాడు. జయకి తండ్రి లేనట్టే, అందుకే కాలు కావలసి వచ్చింది. చిన్నమ్మకి తండ్రీ లేడు, కాలూ లేదు. పేరు మీద షెడ్డు మాత్రం ఉంది.

మన తెలుగులో పని, సంసారం, మగవాడి అహం కలిపి నవ్వించిన సినిమా అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది బాపు రమణల 'మిస్టర్ పెళ్ళాం' (1993). బ్యాంకు ఉద్యోగి రాజేంద్రప్రసాద్ నింద పడి ఉద్యోగం పోగొట్టుకుంటే, ఇల్లాలు ఆమని ఉద్యోగానికి వెళ్తుంది. ఆమె జీతంతో ఇల్లు నడుస్తుంటే మొగుడికి మింగుడుపడదు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది. చాలా సొగసైన సినిమా, ఇప్పటికీ చూస్తాను. కాని జనానికి అందులోంచి మిగిలిందేమిటో చూడండి. ఏ.వి.యస్. నోట వచ్చిన 'తుత్తి'. ఝాన్సీ జీతం ఎవరికీ గుర్తులేదు. మొగుడి అహాన్ని ముద్దుముద్దుగా గిల్లి, చివరికి అతని చెయ్యి ఆమె చేతిలో పెట్టి పంపే హాస్యం అది. గిల్లితే సరిపోయే జబ్బని నమ్మిన కాలం. రాజేష్‌కి గిల్లడం సరిపోదని తెలుసుకోవడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది, అదీ పక్క భాషలో.

ఇంటిమనిషి చాకిరీని చూసిన తెలుగు సినిమా అసలు లేదా అంటే ఒకటుంది, అది హాస్యం కాదు, అదీ మా నల్లగొండ నుంచే వచ్చింది. 'మల్లేశం' (2019). ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టిన కథ. రాజ్ ఆర్. తీశారు, పెద్దింటి అశోక్‌కుమార్ మాటలు రాశారు. పోచంపల్లి చీరకి నూలు ఆసు పోయాలంటే అర్ధచంద్రాకారపు మేకుల చుట్టూ చెయ్యి ఒక చీరకి తొమ్మిది వేలసార్లు తిరగాలి. రోజుకి రెండు చీరలైతే పద్దెనిమిది వేలు. ఆ చెయ్యి తల్లి లక్ష్మిది. ఝాన్సీ ఆ భుజం నొప్పిని నటించిన తీరు చూస్తే మన భుజం పట్టేస్తుంది. ఇక్కడ ఎవరో ఒకరు లెక్కపెట్టారు! మగ్గం మీద కూచున్నవాడే నేతగాడు, ఆసుపోసి కండెలు చుట్టే ఆడమనిషి 'సాయం చేసేది' అనుకునే లోకంలో, ఒక కొడుకు అమ్మ చెయ్యి ఎన్నిసార్లు తిరుగుతుందో చూశాడు. యంత్రానికి ఆమె పేరే పెట్టుకున్నాడు.

ఆ సినిమా అంటే నాకు చాలా గౌరవం. అయినా ఒకటి అడగాలి. అమ్మ నొప్పి కొడుకుకి కనపడుతుంది, భార్య నొప్పి మొగుడికి అంత తొందరగా ఎందుకు కనపడదు? పద్మ (అనన్య నాగళ్ళ) అప్పుల్నీ ఊరి ఎగతాళినీ మల్లేశంతో పాటు మోస్తుంది. యంత్రం మీద మోజున్న మొగుడి పక్కన సంసారం ఈదుతుంది. కథ ఆమెని మంచిగా చూసుకుంటుంది, కాని కెమెరా ఎదురుచూసే మనిషిగానే చూస్తుంది. అమ్మ చాకిరీని మన సాహిత్యం, మన సినిమా ఎప్పుడూ నెత్తిన పెట్టుకుంటాయి. పెళ్ళాం చాకిరీ అనగానే అది ఆస్తి తగాదా అవుతుంది. నెత్తిన పెట్టుకుంటే వాటా ఇవ్వాలిగా మరి.

వాటా సంగతి వచ్చింది కనక చట్టం గురించి. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చింది. కొట్టడంతో పాటు ఆర్థిక హింసని కూడా అది హింసగానే లెక్కపెట్టింది. భార్యకి హక్కున్న డబ్బుని ఆమెకి అందకుండా చెయ్యడం అందులోకి వస్తుంది. అంటే చిన్నాయన జేబులోని ఏటీఎం కార్డు కూడా. కాని పెళ్ళయ్యాక ఇద్దరి కష్టంతో పెరిగిన ఆస్తిలో భార్యకి సగం అని చెప్పే చట్టం మనకి ఇప్పటికీ లేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, ఇంటిపని చేసిన భార్య వల్లనే భర్త సంపాదించగలిగాడు కనక, ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమెకి సమాన వాటా ఉందంది. ఒక తీర్పు అది, చట్టం కాదు. జయ విడాకులు తీసుకుని బయటికొచ్చినప్పుడు రాజేష్ ఫారంలో ఆమెకి ఒక్క కోడి ఈక కూడా రాదు. సినిమాలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు, జడ్జి కూడా. జయ అడిగిన మూడు మాటల్లో ఏదీ రూపాయల్లోకి మారదు.

ఇంకొక పాత్ర గురించి చెప్పకుండా దాటితే మనకే అన్యాయం. కాలేజీలో జయకి పరిచయమయ్యే లెక్చరర్ కార్తీక్ (అజు వర్గీస్). స్త్రీవాదం మీద అద్భుతంగా మాట్లాడతాడు. జయ ఏం కట్టుకోవాలో, ఎవరితో మాట్లాడాలో తనే చెప్తాడు, తర్వాత చెయ్యి కూడా చేసుకుంటాడు. మా సభల్లో, సెమినార్లలో ఇతన్ని నేను చాలాసార్లు కలిశాను. మీరూ కలిసే ఉంటారు. పుస్తకావిష్కరణలకి పిలిచాం, ముందుమాటలు రాయించుకున్నాం. మొదటిసారి చూసినప్పుడు అతన్ని చూసి నవ్వుకున్నాను. చిన్నమ్మ పక్కన కూచుని చూస్తున్నప్పుడు మాత్రం నాకు వేరే అనుమానం వచ్చింది. ఈమె బతుకు గురించి ఇన్నేళ్ళుగా అద్భుతంగా మాట్లాడుతున్న దాన్ని నేనూ. ఆమె ఖాతాలో ఎంత పడుతుందో, అప్పు ఎంత మిగిలిందో ఒక్కసారైనా అడిగానా? ఆమె పేరు మీద లోను ఉన్న సంగతే నాకు ఆ రాత్రి తెలిసింది. ఎట్లా తెలిసిందో చెప్తాను.

సినిమా చివర్లో వ్యాపారం చితికిపోయిన రాజేష్ ఒక కోళ్ళ వ్యాపారస్తురాలి దగ్గరికి పోతాడు. ఆ కుర్చీలో జయ ఉంటుంది. హాలంతా ఈలలు పడే చోటు అది, మా కోడలు చప్పట్లు కొట్టింది. చిన్నమ్మ ముందుకు వంగి, టీవీ వైపు చెయ్యి చూపించి అడిగింది: "గా పిల్లకు షెడ్డు ఎయ్యనీకి పైసలు ఎవరిచ్చిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. సినిమా దగ్గరా లేదు. కాలు ఎత్తడం ఎట్లా నేర్చుకుందో వివరంగా చూపించిన సినిమా, పెట్టుబడి ఎట్లా తెచ్చుకుందో చూపించకుండా దాటేసింది. చదువూ కాలూ కుర్చీ వరకూ వచ్చాయి. నేల ఎవరిది, పూచీ ఎవరు పడ్డారు, మొదటి బ్యాచ్‌లో ఎన్ని పిల్లలు చచ్చాయి, ఫీల్డ్ సూపర్‌వైజర్ వచ్చి "సార్ లేడా?" అన్నప్పుడు జయ ఏమంది, ఇవి చూపించి ఉంటే అది ఇంకా మంచి హాస్యం అయ్యేది. నవ్వించడానికి కావలసినంత సరుకు అందులో ఉంది. తన్నులాటకి పెట్టిన కామెంటరీని ఒక ఆడమనిషి మొదటిసారి బ్యాంకు మేనేజరు ముందు కూచున్న సన్నివేశానికి పెట్టి చూడండి.

"నీకెవరిచ్చిన్రు చిన్నమ్మా?" అన్నాను, మాటవరసకి. "నాకే ఇచ్చిన్రు. నా పేరు మీదనే ఉన్నది" అంది, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. కోడలు ఆమెకేసి, నేను ఆమెకేసి చూశాం. చిన్నాయన ఇంకా జనరేటర్ దగ్గరే ఉన్నాడు.

సినిమా బాగోలేదని నేననడం లేదు. స్టాఫ్ రూములో మళ్ళీ ఎవరైనా అడిగితే చూడమనే చెప్తాను. మంచి సినిమా కాబట్టే మా చిన్నమ్మ దాన్ని ఆ ప్రశ్న అడిగింది. ఇది మాత్రం ఆమెకి చెప్పి, ఆమె సరేనంటేనే రాశాను. "నా పేరు రాయకు గాని, షెడ్డు ముచ్చట రాయి" అంది.

నెల తర్వాత ఫోన్ చేసింది. అంగడికి పోయిన రోజున బ్యాంకుకి పోయి, పాస్‌బుక్ మిషన్లో పెట్టించి అచ్చు వేయించుకుందట. "ఏడు పేజీలొచ్చినయి బిడ్డా, నాకు సమజైతలేదు" అంది. బియ్యం డబ్బాలో దాచిందట. కార్డు ఇంకా చిన్నాయన జేబులోనే ఉంది. శుక్రవారం పిల్లలు దిగుతున్నాయి, వారం దాకా రాత్రుళ్ళు నిద్ర ఉండదు, ఆ పైన ఆదివారం వచ్చి చదివి పెట్టమంది.